సాయంత్రం బండికి వస్తాడని చెప్పండి

నా భార్య సుగుణ కట్టిన పూలు ఒక సాయంత్రం నారలో నిలవలేదు. జబ్బు మా ఇంట్లో అడుగుపెట్టిన రోజు అదేనని నేను లెక్కవేసుకున్నాను.

మాది తిరుపతి. నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం తిరుపతి, చిత్తూరు మధ్య బండిలోనే గడిచింది. సుగుణ రోజూ సాయంత్రం గడప దగ్గర కూర్చొని కనకాంబరాలు కట్టేది. అమ్మడానికి కాదు. తన జడకొక మూర, దేవుడి పటానికి జానెడు, మిగిలినవి ఎదురింటావిడకు. చేతుల వైపు చూసేది కూడా కాదు. వీధిలో పోయేవాళ్లను పలకరిస్తూనే ఉండేది, వేళ్లు వాటి పని అవి చేసుకుపోయేవి. ఆ రోజు కట్టడం అయిపోయిందని మాల పైకెత్తింది. పూలన్నీ ఒళ్లో రాలాయి. చేతిలో ఉత్త అరటి నార వేలాడింది. దానికి ఒక్క ముడి లేదు.

"నార బాగలేదు" అంది సుగుణ.

ఎదురింటావిడ నవ్వింది. "ఏమక్కా, పూలు కట్టేదే మర్సిపోతివే. రేపు అన్నం తినేది కూడా మర్సిపోతావేమో."

ఆవిడ సరదాకే అని ఉండొచ్చు. నేను మరవలేదు. కొన్నేళ్లకు సుగుణ నిజంగానే ముద్ద నోట్లో పెట్టుకొని నమలడం మరిచిపోయింది. అప్పుడు పలకరించడానికి వచ్చిన ఆవిడకు నేను ముందుగా ఆ మాటే గుర్తుచేశాను. ఆవిడ మళ్లీ మా ఇంటికి రాలేదు.

పూల తర్వాత ఒక్కొక్కటీ వచ్చాయి. చారులో ఉప్పు ఉండదు, లేదంటే రెండుసార్లు పడుతుంది. మాట మధ్యలో పేరు దొరకదు. మా వీధి చివర డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన నాడి పట్టుకొని, "ఈ వయసులో మతిమరుపు మామూలే పెద్దాయనా" అని బలానికి మాత్రలు రాశాడు. ఆ మాత్రలతో ఏడాదికి పైగా వృథా అయింది. ఆయన ఇప్పుడు కనిపిస్తే నమస్కారం పెడతాడు. నేను తిరిగి పెట్టను.

ఒక మధ్యాహ్నం గుడికని వెళ్లిన సుగుణ ఇంటికి రాలేదు. నేను వీధులన్నీ తిరుగుతుంటే బస్టాండు నుంచి నా పాత తోటి ఉద్యోగి ఫోన్ చేశాడు.

"అన్నా, వదిన ఈడ చిత్తూరు బండ్లు నిలిసే కాడ కూర్చోనుండాది. నువ్వు డ్యూటీలో ఉండావంట. బండొస్తే నువ్వు దిగతావంట. నేను ఏమని సెప్పాల?"

నేను వెళ్లేసరికి సిమెంటు బెంచీ మీద, ఒళ్లో నా పాత క్యారియరు పెట్టుకొని కూర్చుని ఉంది. నన్ను చూసి, "ఈ రోజు ఇంత లేటయిందేమి?" అంది. నేను రిటైరై అప్పటికి చాలా కాలమైంది.

అప్పుడు పెద్దాసుపత్రికి వెళ్లాం. ఓపీ దగ్గర సెక్యూరిటీ మనిషి ఆమెను కూర్చోనివ్వలేదు, కుర్చీలు పేషెంట్లకట. "ఈమె ఎవరయ్యా మరి?" అన్నాను. "సూస్తే బాగానే ఉండాది గదా" అన్నాడు. ఈ జబ్బుతో ఉన్న కష్టం అదే. చూస్తే బాగానే ఉంటారు. రక్త పరీక్షలు చేశారు. ఎంఆర్ఐ తీశారు. గడియారం బొమ్మ గీయమన్నారు. సుగుణ గుండ్రంగా గీసి, దాని మధ్యలో చక్కగా బొట్టు పెట్టింది.

న్యూరాలజీ డాక్టరు స్కాను వెలుతురుకు పట్టి చూశాడు. "అల్జీమర్స్ టైప్ డిమెన్షియా. మెమరీ సెంటర్ ష్రింక్ అయింది. తగ్గే జబ్బు కాదు. మందుతో కొంచెం స్లో చేయగలం. మూడు నెలలకు రండి. నెక్స్ట్."

ఉద్యోగమంతా నేను బండిలో నిలబడి "నెక్స్ట్ స్టేజీ ఎవరు?" అని అరిచినవాడిని. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. దిగిపొమ్మని.

నడవాలో నిలబడి ఉంటే ఒక నర్సు వచ్చి, "రండి సార్, కూర్చుందాం" అని పక్క గదిలోకి తీసుకెళ్లింది. ఆమెను ఇక్కడ గ్రేసమ్మ అని రాస్తాను. ఓపీ మూలన చిన్న గది, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. మతిమరుపు జబ్బు వచ్చినవాళ్ల ఇంటివాళ్లతో మాట్లాడటమే ఆమె పని. ఇంట్లో రోజు ఎలా గడుస్తోందని అడిగింది. చెప్పాను. ప్రతి ఉదయం సుగుణను ఎదురుగా కూర్చోబెట్టి, నేనెవరు, ఈ రోజు ఏ వారం, మన అమ్మాయి పేరేమిటి అని అడుగుతున్నాననీ, అలా అడిగితే జ్ఞాపకం నిలుస్తుందనీ చెప్పాను.

"తప్పినప్పుడు ఏం చేస్తారు?"

"మళ్లీ అడుగుతాను."

గ్రేసమ్మ సుగుణ చేతిని తన చేతిలోకి తీసుకుంది. "ఈమె ప్యాసింజరు కాదు సార్, ప్రతి స్టేజీలో టికెట్ అడిగేదానికి" అంది.

నాకు మండింది. వయసులో చిన్నది, నా ఉద్యోగం ఎత్తి పొడుస్తుందా అనుకొని లేచి వచ్చేశాను. కొంతకాలం ఆ గది వైపు పోలేదు.

మళ్లీ పోవలసి వచ్చింది. కొత్త మాత్ర మొదలుపెట్టాక సుగుణ బిగుసుకుపోయింది. ఎత్తిన కాలు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడేది. డాక్టరు దగ్గరికి రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ నేను నోరు తెరిచేలోపు మందులచీటీ మీద "కంటిన్యూ" అని రాసేశాడు. అప్పుడు గ్రేసమ్మ మాతో పాటు లోపలికి వచ్చి, బల్ల పక్కన నిలబడి, "సార్, ఈమెని ఒకసారి నడిపించి చూడండి" అంది. డాక్టరు నడిపించి చూశాడు. మాత్ర తగ్గించాడు.

"ఈ సంగతి ముందే చెప్పొచ్చు కదా పెద్దాయనా" అన్నాడు.

"మీరు నెక్స్ట్ అన్నారు" అన్నాను.

ఆయన నవ్వాడు. తప్పు ఒప్పుకున్న నవ్వు. ఆయన్ను సగం క్షమించాను.

ఆ రోజు నుంచి వారం వారం ఆ గదికి వెళ్లేవాడిని. పరీక్షలు పెట్టవద్దు, తప్పు దిద్దవద్దు అని గ్రేసమ్మ నేర్పింది. ఒకసారి ఒక్క పనే చెప్పాలి. కట్టుకోవలసిన బట్టలు వరుసగా పరిచిపెట్టాలి. వస్తువులు, మంచం, ఆమె జడ, బొట్టు, అన్నీ ఉన్నచోట ఉన్నట్టే ఉండనివ్వాలి. "ఆమె లోపల అన్నీ కదిలిపోతా ఉంటాయి సార్. బయటివైనా కదలకుండా ఉండాల" అంది. నేను తిన్నానా, నిద్రపోయానా అని అడిగిన మనిషి ఈ మొత్తం కథలో ఆమె ఒక్కతే. సొంత కూతురు కూడా "అమ్మ ఎట్లుంది?" అనే అడిగేది.

సుగుణ చెల్లెలు విమల చిత్తూరులో ఉంటుంది. మా అమ్మాయి హేమ సూళ్లూరుపేట దగ్గర ఒక కంపెనీలో పనిచేస్తుంది. ఒక ఆదివారం ఇద్దరూ కలిసి వచ్చారు. విమల ఒక సంగతి బయటపెట్టింది. జబ్బు పేరు మాకు తెలియకముందే సుగుణకు తనలో ఏదో జారిపోతోందని తెలిసిందట. చెల్లెలి ముందు కొండ వైపు తిరిగి, నా తెలివి నాకు నిలిపితే తలనీలాలు ఇస్తా స్వామీ అని మొక్కుకుందట. నాకు మాత్రం చెప్పలేదు.

"ఆ మొక్కు తీర్సలేదు. అందుకే అక్క ఇట్లయిపోతా ఉండాది బావా" అంది విమల.

"తెలివి నిలిపితే ఇస్తానంది. నిలవలేదు కదా. మరి మొక్కు ఎట్లా మిగిలిపోతుంది?" అన్నాను.

"దేవుని కాడ కూడా లా పాయింట్లు తీస్తావా బావా?"

హేమ పిన్ని పక్షం చేరింది. "నాయనా, అది అమ్మ బాగున్నప్పుడు అనిన మాట. ఆ మాటన్నా మనం కాపాడాల కదా."

పక్కన కూర్చున్న సుగుణ ఆ మధ్య ఎన్నడూ లేనంత స్పష్టంగా, "కొండకి పోవాల. మొక్కుండాది నాకు" అంది. ఆమె నోటి నుంచి వచ్చిన మాటను నేను కాదనలేకపోయాను.

గ్రేసమ్మను అడిగాను. ఆమె వద్దనలేదు. "ఆమె మొక్కు ఆమెది సార్, పోవాల్సిందే. రద్దీ లేని రోజు చూసుకొని పొండి. మూడు కత్తెర్లు ఇప్పించండి, జడ కొస కత్తిరిస్తే చాలు, ఆడవాళ్లు చానామంది అట్లనే ఇస్తారు. గుండు మాత్రం వద్దు. అద్దంలో ముఖం మారిపోతే తానెవురో తనకే తెలీకుండా పోతుంది" అంది. "మీ మరదలినీ బిడ్డనీ ఒకసారి ఈ గదికి పిల్చుకొని రాండి. ఈ మాట నేనే చెప్తా."

విమలకు ఫోన్ చేశాను.

"నర్సమ్మ కాడ కూర్చొని మొక్కులు నేర్సుకోవాలా మేము? ఆమె కిరస్తానీ అంట కదా బావా. గుండు సంగతి ఆమెకేం తెలుసు?"

ఆ మాటను నేను తీసుకెళ్లి గ్రేసమ్మకు అప్పజెప్పాను. నా లోపల దాచుకోవడం నాకు చేతకాదు. "మా అమ్మ వేళాంగణి మాతకి గుండు ఇచ్చింది సార్, నాకు జ్వరం తగ్గినప్పుడు. గుండు నాకు కొత్త కాదు. సుగుణమ్మకి కొత్త" అంది.

వాళ్లిద్దరినీ ఎలాగైనా లాక్కువద్దామని అనుకుంటూ ఉండగానే ఆ గది మూతపడింది. గ్రేసమ్మను సర్జికల్ వార్డుకు మార్చారు. వార్డుల్లో మనుషులు చాలడం లేదట, ఇంటివాళ్లతో మాట్లాడటం అత్యవసరమైన పని కాదట. ఆ గదిలో విరిగిన స్ట్రెచర్లు పెట్టారు. ఎవరి నిర్ణయమని అడిగితే ఒకరు ఇంకొకరి పేరు చెప్పారు. అందరి పేర్లూ నాకు గుర్తున్నాయి.

విమలను వెంటబెట్టుకొని కొండకు వెళ్లాం. కళ్యాణకట్టలో ఆడవాళ్ల వైపు నేను వెళ్లలేను కాబట్టి సంచీ, చెప్పులు పట్టుకొని బయట నిలబడ్డాను. లోపలికి పోయేముందు విమలకు మళ్లీ చెప్పాను, మూడు కత్తెర్లు, అంతే అని. తల ఊపింది.

అక్కాచెల్లెళ్లు బయటికి వచ్చినప్పుడు నేను పోల్చుకోలేదు. ఇద్దరికీ గుండ్లు. ఇద్దరి తలల మీదా తడి గంధం. విమల కూడా ఇచ్చేసింది.

"నేనేం సెప్పలేదు బావా. పక్కనామె గుండు కొట్టిచ్చుకుంటా ఉంటే సూసి, అక్కే పోయి కూర్చొని తల వంచింది. ఆమె వంచినాక నేనెట్ల ఆపేది? నేనూ పక్కనే కూర్చోని ఇచ్చేసినా."

అది నిజమో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు. నేను అక్కడ లేను. సుగుణ మాత్రం నవ్వుతోంది. అరచేత్తో తల నిమురుకుని "సల్లగుండాది" అంది. కొండ మీద ఎటు చూసినా గుండ్లే. ఆమెకు తేడా తెలియలేదు. దర్శనం చేసుకుంది, లడ్డు తింది, బస్సులో నా భుజం మీద నిద్రపోయింది. నేనెవరో తెలిసి సుగుణ నా భుజం మీద తల పెట్టడం అదే చివరిసారి.

మరునాటి ఉదయం బీరువా ముందు నిలబడింది. తలుపుకు నిలువుటద్దం ఉంది. "అవ్వా" అని పిలిచింది.

శ్రీకాళహస్తిలో సుగుణ వాళ్ల అవ్వ ఉండేది. చిన్నవయసులోనే భర్త పోతే, వాళ్ల ఇంటి పాత ఆచారం ప్రకారం ఆమెకు తల తీయించేశారు. బతికినంతకాలం గుండు మీద తెల్ల కొంగు కప్పుకొని ఉండేదని, చిన్నప్పుడు తాను ఆ అవ్వ పక్కనే పడుకునేదాన్నని సుగుణ పెళ్లయిన కొత్తలో నాకు చెప్పింది. ఇప్పుడు అద్దంలో ఆ అవ్వ కనిపించింది. సుగుణ అద్దాన్ని తాకింది. తర్వాత తన తలను తడుముకుంది. మెల్లగా బొట్టు తుడిచేసుకుంది. కూర్చొని కాలి మెట్టెలు తీసి పక్కన పెట్టింది.

"ఏం చేస్తున్నావే?" అన్నాను.

నా వైపు తిరిగింది. పరాయి మనిషిని చూసినట్టు కొంగు తల మీదికి లాక్కుంది. "ఏమప్పా, మా ఇంటాయన ఎప్పుడు పోయినాడు? నాకు ఒకరన్నా సెప్పలేదే" అంది.

"నేనే కదే మీ ఇంటాయన. ఇదిగో ఉన్నాను."

భయపడి గోడకు ఆనుకుంది. "ఎవురప్పా నువ్వు? మొగుడు పోయిన ఆడదాంతో ఇట్లనా మాట్లాడేది?"

ఆ రోజు నుంచి మా ఇంట్లో నా చావు. ప్రతి ఉదయం ఆమె అద్దం చూసేది, ప్రతి ఉదయం నేను కొత్తగా చనిపోయేవాడిని. పాత దుఃఖమైతే కాలం గడిచేకొద్దీ అరుగుతుంది. ఆమెది అరగడానికి వీలు లేనిది, ఎప్పటికప్పుడు అప్పుడే తెలిసినట్టు ఏడ్చేది. అన్నం ముట్టేది కాదు. పూలు తెస్తే దూరంగా నెట్టి, "నాకేమిటికి ఇంక పూలు" అనేది. ఆధార్ కార్డు చూపించాను. పెళ్లి ఫొటో చూపించాను. ఫొటో గుండెలకు హత్తుకొని మరింత ఏడ్చింది.

విమల వచ్చింది. కొంగు తీసి తన గుండు చూపిస్తే అక్క ఊరుకుంటుందనుకున్నట్టుంది. సుగుణ ఆమెను దగ్గరికి లాక్కుని, "నీ మొగుడూ పోయినాడా పాపా? మనిద్దరికీ ఒకే రాత రాసినాడే" అంది. విమల నేల మీద కూలబడి ఏడ్చింది.

"తీరింది కదా మీ మొక్కు. ఇక చిత్తూరు పో" అన్నాను.

ఆమె వెంట వచ్చిన హేమ నన్ను ఆపాలని చూసింది. విమల పోయింది. అప్పటి నుంచి ఆమెతో నాకు మాటలు లేవు. అక్క సంగతులు హేమకు ఫోన్ చేసి తెలుసుకుంటుంది.

గ్రేసమ్మకు చెప్పాను. వార్డు డ్యూటీ దిగి, మధ్యాహ్నం ఎండలో స్కూటీ మీద మా ఇంటికి వచ్చింది. నేను చెప్పేదంతా వినలేదు. సుగుణ పక్కన చాలాసేపు ఊరికే కూర్చుంది. సుగుణ చూపు ఎటు పోతోందో గమనించి, లేచి, "దుప్పటి ఉందా సార్?" అంది. బీరువా అద్దానికి దుప్పటి కట్టాం. చేతులు కడుక్కునే చోట అద్దం తీసేశాం. టీవీకి చీర కప్పాం, ఆపి ఉన్నప్పుడు అందులోనూ ముఖం కనిపిస్తుందని.

"ఇప్పుడు నేను చెప్పింది చేస్తారా?" అంది. "ఆమె అడిగినప్పుడు, నేనే ఆయన్ని అని వాదించొద్దు. డ్యూటీకి పోయినాడు, సాయంత్రం బండికి వస్తాడు అని చెప్పండి."

"నేను బతికుండంగా నేను లేనని నా నోటితో చెప్పాలా?"

"లేడని ఎవురు చెప్పమన్నారు సార్? వస్తాడని చెప్పండి."

నేను ఒప్పుకోలేదు. ఆమెను వాకిటి దాకా కూడా సాగనంపలేదు. మరునాడు సుగుణ ముద్ద ముట్టకుండా ఏడుస్తుంటే, గోడ వైపు తిరిగి, ఎవరిమీదో కోపంగా అన్నట్టు అన్నాను. "ఎవరు చెప్పారమ్మా పోయినాడని? డ్యూటీలో ఉన్నాడు. సాయంత్రం చిత్తూరు బండికి వస్తాడు."

ఏడుపు ఆగింది. "నిజమా అప్పా?"

"నేనూ అదే డిపో."

"అట్లయితే అన్నం తీసిపెట్టాల ఆయనకి" అని లేచింది. తానూ రెండు ముద్దలు తింది.

కొన్నాళ్లు అలా గడిచింది. సాయంత్రం గడప దగ్గర కూర్చొని నా కోసం ఎదురుచూసేది. నేను పక్కనే కూర్చునేవాడిని. నాతో నా గురించి చెప్పేది.

"కోపిష్టి మనిషప్పా. ఎవురేమన్నా మరవడు. నా పెండ్లిలో మా చిన్నాయన తాంబూలం ఎడం చేత్తో ఇచ్చినాడని ఇప్పటికీ సెప్తాడు."

"ఎడం చేత్తోనే ఇచ్చినాడమ్మా" అన్నాను.

"నువ్వు కూడా ఆయన మాదిరే ఉండావే" అని నవ్వింది. "అయినా బండి దిగినంక నాకు పూలు తేకుండా ఏ రోజూ రాలేదు. ఆ సంగతి ఎవురికీ సెప్పొద్దు, సిగ్గు పడతాడు" అంది.

చీకటి పడేసరికి మరిచిపోయి లోపలికి వచ్చేది. తీసిపెట్టిన అన్నం నేనే తినేవాడిని. నా పేరున పెట్టిందే కదా.

తర్వాత జ్వరం వచ్చింది. మాట తడబడింది, లేని మనుషులతో మాట్లాడింది. దగ్గర్లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాను. యూరిన్ ఇన్‌ఫెక్షన్ అన్నారు, దానివల్లే మతి చెదిరింది, డెలీరియం అన్నారు. నేను మందులు తెచ్చేలోగా ఆమె రెండు చేతులూ గుడ్డపేలికలతో మంచానికి కట్టేశారు. సెలైన్ పీకేస్తోందట. "ఇది మా ప్రోటోకాల్" అంది డ్యూటీలో ఉన్న అమ్మాయి. నేను అరిచాను. నన్ను బయటికి పంపిస్తామన్నారు. గ్రేసమ్మకు ఫోన్ చేసి ఆ అమ్మాయి చేతికిచ్చాను. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. తర్వాత ఆ అమ్మాయి వచ్చి కట్లు విప్పింది. సెలైన్ గొట్టాన్ని చీర మడతల కింద కనబడకుండా పెట్టి, "తాతా, మీరు చెయ్యి పట్టుకొని కూర్చోండి. అట్ల చేస్తే చాలంట" అంది. మణికట్ల మీద ఎర్రటి గీతలు పడ్డాయి. ఆ ఆసుపత్రికి ఫిర్యాదు రాశాను. జవాబు లేదు. మళ్లీ రాస్తాను.

ఇంటికి వచ్చింది గాని నడక పోయింది. మాట దాదాపు పోయింది.

ఇప్పుడు సుగుణ జుట్టు మెడ దాకా పెరిగింది. తెల్లగా, ఒత్తుగా వచ్చింది. చెవులు కప్పేంత పెరిగిన రోజు నేను బీరువా మీది దుప్పటి తీసేసి, కుర్చీ జరిపి ఆమెను అద్దం ముందు కూర్చోబెట్టాను. నుదుట బొట్టు పెట్టాను. యూట్యూబులో చూసి నేనే కట్టిన నాలుగు కనకాంబరాలు క్లిప్పుతో తలలో పెట్టాను. ముడులు వదులుగా ఉన్నాయి గాని నిలిచాయి. సుగుణ గోడను చూసినట్టు అద్దాన్ని చూసింది. అవ్వ లేదు. తనూ లేదు. మళ్లీ దుప్పటి కప్పలేదు, దాని అవసరం పోయింది.

ఆయన వచ్చాడా అని అడగడం ఎప్పుడు ఆపేసిందో నాకు తెలియలేదు. ఒక సాయంత్రం హఠాత్తుగా గమనించాను, చాలా రోజులుగా అడగలేదని. నేను చచ్చిపోయానని ఏడ్చిన రోజుల్లో నాకు బతుకు మీద విరక్తి పుట్టేది. ఆ రోజులే నయం. అప్పుడు ఆమెకు ఒక మొగుడు ఉండేవాడు, పోయినవాడైనా, బండిలో వస్తున్నవాడైనా. ఇప్పుడు లేడు.

"అడక్కపోయినా చెప్తా ఉండండి సార్. మాట అర్థం కాకపోయినా గొంతు తెలుస్తుంది" అంటుంది గ్రేసమ్మ. ఇప్పటికీ సెలవురోజున వచ్చి సుగుణకు వీపు మీద పుండ్లు పడకుండా ఎలా తిప్పాలో చూపిస్తుంది. ఆమె అన్నదాని మీద నాకు నమ్మకం లేదు. చెబుతున్నాను. రోజూ సాయంత్రం గడప దగ్గరికి కుర్చీ లాగి, "చిత్తూరు బండి చంద్రగిరి దాటింది. వచ్చేస్తాడు" అంటాను. ఆమె రోడ్డు వైపు కూడా చూడదు.

ఆసుపత్రిలో ఆ గదిలో ఇంకా స్ట్రెచర్లే ఉన్నాయి. ప్రతి సోమవారం వెళ్లి అడుగుతున్నాను. నన్ను చూడగానే గుమాస్తా తల పక్కకు తిప్పుకుంటాడు. తిప్పుకోనివ్వండి.

ఈ జబ్బు ఉన్న ఇళ్లవాళ్లకు నేను చెప్పగలిగేది ఒక్కటే. నర్సు చెప్పిన మాటను మీరు మోసుకెళ్లి బంధువులకు చెప్పకండి. మీ నోట పడగానే అది మీ మాట అయిపోతుంది, మీ మీద ఉన్న పాత కోపాలన్నీ దానికి అంటుకుంటాయి. నా మరదలికి నా నోటి మీద నమ్మకం లేదు, అందుకు ఆమె కారణాలు ఆమెకు ఉన్నాయి. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వాళ్లను చెయ్యి పట్టుకొని తీసుకెళ్లి నర్సు ఎదురుగా కూర్చోబెట్టండి. వాళ్లు రామంటే నర్సు పక్కన కూర్చొని ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, ఆమె గొంతుతోనే చెప్పించండి. కొండకు బయలుదేరక ముందే చెప్పించండి.